ఎల్‌ఈడీ మాస్కుతో చర్మం బిగుస్తుందా? మంగు ఉన్నవారు వాడవచ్చా?

టీచరుగారూ, మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇది. మీ వయసు 44. రోజూ ప్రొద్దుటూరు నుంచి పల్లెటూరి బడికి స్కూటీ మీద వెళ్లి వస్తారు. ఈమధ్య బుగ్గలు కాస్త జారినట్టు, కళ్ల పక్కన సన్న ముడతలు పడినట్టు కనిపిస్తోంది. చెంపల మీద మంగు కూడా ఉంది. ముఖానికి తొడుక్కుంటే లోపలి చిన్న బల్బులు చర్మం మీద కాంతి వేసే ఏడు రంగుల ఎల్‌ఈడీ మాస్కు ఒకటి 18,000 రూపాయలకు చూశారు. అది చర్మాన్ని బిగిస్తుందా, మంగు ఉన్నవారు వాడవచ్చా, ఏ రంగు ఎంతసేపు పెట్టుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు. చివర్లో పదిహేడేళ్ల మీ అమ్మాయి మొటిమలకు పనికొస్తుందా అని కూడా అడిగారు.

నేను కర్నూలులో చర్మవ్యాధుల వైద్యురాలిని. ఈ మాస్కులు చేత్తో పట్టుకుని వచ్చేవారు, కొనాలా వద్దా అని అడిగేవారు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నారు. కాబట్టి వివరంగానే రాస్తాను. ముందు జవాబు.

ఎరుపు కాంతి సన్న ముడతలను కొంత తగ్గిస్తుంది, చర్మం నునుపును, సాగే గుణాన్ని కొంత పెంచుతుంది. జారిన బుగ్గను మాత్రం పైకి లేపదు. మీకు మంగు ఉంది కాబట్టి ఆ ఏడు రంగుల మాస్కు కొనవద్దు. ముందు మంగుకు వైద్యం చేయించుకోండి, ఎండ నుంచి ముఖాన్ని కాపాడుకోండి. మూడు నాలుగు నెలల తర్వాత కూడా కొనాలనే అనిపిస్తే, ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపును దాటి, కంటికి కనిపించని) కాంతి మాత్రమే ఉన్న మాస్కు చూడండి.

ఇది వట్టి ప్రకటనల మాయ అని కొట్టిపారేసే విషయం కాదు. 1960ల చివర్లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు మీద బొచ్చు గొరిగి, తక్కువ శక్తి గల ఎర్రటి లేజర్ కాంతి ప్రసరింపజేశాడు. కాంతి పడిన ఎలుకలకు బొచ్చు త్వరగా మొలిచింది. తర్వాత మానని పుండ్ల మీద కూడా అదే కాంతిని వాడి చూశాడు. ఆపైన అంతరిక్షంలో మొక్కలు పెంచడానికి నాసా వాడిన ఎర్ర ఎల్‌ఈడీ దీపాలను గాయాలు మాన్పడానికి పరీక్షించారు. అలా లేజర్ అవసరం లేకుండా మామూలు ఎల్‌ఈడీలతోనే ఈ వైద్యం చేయవచ్చని తేలింది.

చర్మం లోపల జరిగేది ఇది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. సుమారు 630 నుంచి 660 నానోమీటర్ల (కాంతి తరంగాల పొడవుకు కొలత, రంగును బట్టి మారుతుంది) ఎరుపు కాంతిని, 830 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని అది పీల్చుకుంటుందని శాస్త్రవేత్తలు ఎక్కువగా భావిస్తున్నారు. దాంతో కణంలో శక్తి ఉత్పత్తి పెరుగుతుంది, కొలాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు చురుగ్గా పనిచేస్తాయి. చర్మానికి బిగువునిచ్చేది ఆ కొలాజెనే. పై పొర కింద ఉంటుంది కాబట్టి అక్కడిదాకా చేరే కాంతే మనకు పనికొస్తుంది. ఎరుపు చేరుతుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఇంకా లోతుకు వెళుతుంది, నీలం పైపైనే ఆగిపోతుంది.

మనుషుల మీద పరీక్షలూ జరిగాయి. 2007లో కొరియాలో 76 మంది మీద చేసిన అధ్యయనంలో ముఖానికి ఒకవైపు నిజమైన కాంతి, రెండో వైపు ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. ముడతలు అత్యధికంగా 36 శాతం వరకు తగ్గాయి, సాగే గుణం 19 శాతం వరకు పెరిగింది. 2014లో జర్మనీలో 136 మందితో జరిగిన మరో అధ్యయనంలో వారానికి రెండుసార్లు చొప్పున 30 విడతలు కాంతి ఇస్తే, అల్ట్రాసౌండ్ కొలతలో కొలాజెన్ సాంద్రత పెరిగినట్టు కనిపించింది.

ఈ అంకెలు చూసి ఉత్సాహపడే ముందు రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆ శాతాలు అత్యధికంగా వచ్చినవి, అందరికీ వచ్చినవి కావు. రెండోది, ఆ అధ్యయనాల్లో వాడినవి పెద్ద యంత్రాలు. ఎంత కాంతి పడుతోందో కొలిచి మరీ ఇచ్చారు. మీరు కొనే మాస్కు అంత కాంతి ఇస్తుందో లేదో డబ్బా మీద చాలాసార్లు రాసి కూడా ఉండదు.

ఇప్పుడు జారడం గురించి. బుగ్గ జారడానికి చర్మం ఒక్కటే కారణం కాదు. వయసుతో ముఖంలోని కొవ్వు తగ్గుతుంది, కిందికి దిగుతుంది. దవడ ఎముక, చెంప ఎముక కూడా కొంత అరుగుతాయి. స్త్రీలకు నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుందని అంచనా. ఒకేసారి చాలా బరువు తగ్గినా ముఖం వాలుతుంది. ఇన్ని కారణాల్లో ఎల్‌ఈడీ కాంతి తాకగలిగేది ఒక్క కొలాజెన్‌నే, అదీ కొద్దిగా. మా ఊళ్లో ఒక కాలేజీ అధ్యాపకురాలు మంచి ఎర్రకాంతి మాస్కును శ్రద్ధగా వాడారు. రోజూ సన్‌స్క్రీన్ కూడా రాసుకున్నారు. కంటి పక్కన నవ్వినప్పుడు పడే గీతలు మెత్తబడ్డాయి, చర్మం గరుకుదనం పోయింది. మొదటి ఫొటో, తర్వాతి ఫొటో ఒకే కిటికీ దగ్గర తీసినవే కాబట్టి తేడా నాకు కూడా స్పష్టంగా తెలిసింది. దవడ కింద జారిన చోటు మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ సంతోషంగానే ఉన్నారు. ఏం వస్తుందో, ఏం రాదో ముందే మాట్లాడుకున్నాం కాబట్టి.

మీ మంగు సంగతి దీనికంటే ముఖ్యం. మంగుకు అల్ట్రావయొలెట్ కిరణాలే కారణమని చాలాకాలం అనుకున్నారు. కంటికి కనిపించే వెలుగు కూడా మన చామనఛాయ చర్మంలో నలుపును పెంచుతుందని, ఆ నలుపు చాలా రోజులు నిలుస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అందులోనూ నీలం, వంకాయ రంగు వైపు కాంతి చాలా ఎక్కువగా నల్లబరుస్తుంది. అదే మోతాదులో ఎరుపు ఆ పని చేయలేదు. కాబట్టి మంగు ఉన్న ముఖానికి నీలం కాంతి పెట్టవద్దు. ఆదోని నుంచి వచ్చిన ఒకామె ఇలాంటి రంగురంగుల మాస్కులో ‘గ్లో’ అని పేరు పెట్టిన రంగును రోజూ వాడారు. వచ్చేసరికి రెండు చెంపల మీద, పైపెదవి మీద మంగు ముదురు గోధుమ రంగులోకి తిరిగింది. మాస్కును నా బల్ల మీద పెట్టి, రిమోట్ నొక్కి ఆ రంగు వెలిగించమన్నాను. నీలమూ ఎరుపూ కలిసి వెలుగుతున్నాయి. పెట్టె మీద రంగుల పేర్లున్నాయి తప్ప ఒక్క నానోమీటరు అంకె లేదు. అడాప్టరు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. ఆమె మంగు అదుపులోకి రావడానికి చాలా నెలలు పట్టింది.

ఎరుపు కూడా మనకు హద్దులేనిది కాదు. అమెరికాలో ఎరుపు ఎల్‌ఈడీ మోతాదును మెల్లగా పెంచుతూ చేసిన పరీక్షల్లో తెల్లవారి చర్మం చదరపు సెంటీమీటరుకు 480 జౌళ్ల (పడిన కాంతి శక్తికి కొలత) వరకు తట్టుకుంటే, రంగు చర్మం 320 దగ్గరే హద్దుకు చేరింది. ఇంట్లో వాడే మాస్కులు ఇచ్చేది దానికంటే చాలా తక్కువ కాబట్టి భయపడనక్కర్లేదు. కానీ ‘ఎంత ఎక్కువసేపు పెట్టుకుంటే అంత మంచిది’ అన్న ఆలోచన వద్దు. ఈ కాంతికి ఒక మోతాదు దాకానే ప్రయోజనం, దాటితే ప్రయోజనం తగ్గుతుంది. వేడి కూడా మంగుకు పడదు. మాస్కు పెట్టుకున్నప్పుడు ముఖం వేడెక్కుతున్నట్టు అనిపిస్తే తీసేయండి.

నన్ను నిజంగా బాధపెట్టే విషయం ఒకటుంది. మాస్కుకు పద్దెనిమిది వేలు పెట్టడానికి సిద్ధపడేవారు, నెలకు అయిదారు వందల సన్‌స్క్రీన్ దగ్గర వెనకాడతారు. మన కర్నూలు, కడప, అనంతపురం ఎండలు ఎలాంటివో మీకు నేను చెప్పక్కర్లేదు. కొలాజెన్‌ను ముక్కలు చేసే ఎంజైములను రెచ్చగొట్టేది ఆ ఎండే. పొద్దున బడికి వెళ్లేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు ముఖం మీద పడే ఎండ విరిచేసినంత కొలాజెన్‌ను, రాత్రి పది నిమిషాల ఎర్రకాంతి తిరిగి కట్టలేదు.

దీనికి నా దగ్గరికి వచ్చే లారీ డ్రైవర్ల ముఖాలే సాక్ష్యం. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే అనంతపురం వైపు వెళుతుంది. ఆ దారిలో ఏళ్ల తరబడి బండి నడిపిన ఒక పెద్దాయన వేరే సమస్యతో వచ్చారు. కుర్చీలో కూర్చోగానే నా చూపు ఆయన కుడి చెంప మీద పడింది. కుడి కంటి పక్కన చర్మం పసుపు తిరిగి, మందమై, లోతైన గాళ్లు పడి ఉంది. ఆ గాళ్ల మధ్య పెద్ద పెద్ద బ్లాక్‌హెడ్స్. ఎడమ చెంప పదేళ్లు చిన్నవాడిదిలా ఉంది. మన దేశంలో స్టీరింగు కుడివైపు, కిటికీ కూడా కుడివైపే. అల్ట్రావయొలెట్‌లో ‘ఎ’ రకం (యూవీఏ) కిరణాలను మామూలు అద్దం పూర్తిగా ఆపలేదు. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకే తిండి. రెండు చెంపల మధ్య తేడా అంతా ఎండదే.

సన్‌స్క్రీన్ పని గురించి కూడా గట్టి ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో 55 ఏళ్లలోపు 903 మంది మీద నాలుగున్నరేళ్లు జరిగిన అధ్యయనం 2013లో అచ్చయింది. రోజూ రాసుకున్నవారిలో, ఇష్టమైనప్పుడు మాత్రమే రాసుకున్నవారితో పోలిస్తే, చర్మం ముదరడం 24 శాతం తక్కువ. ఏ మాస్కుకూ ఇంత పెద్ద, ఇంత దీర్ఘమైన పరీక్ష జరగలేదు.

కాబట్టి మీ డబ్బు ఈ వరుసలో ఖర్చు పెట్టండి. ముందు ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్. మామూలు తెల్ల సన్‌స్క్రీన్‌లు కనిపించే వెలుగును పెద్దగా ఆపవు, మంగుకు రంగు కలిపినవే మేలు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవు తీసుకోవాలి. బడిలో మధ్యాహ్నం ఇంకోసారి రాయాలి. స్కూటీ మీద ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకోండి, పైన పలుచని చున్నీ ఒక్కటే చాలదు. తర్వాత రాత్రిపూట ట్రెటినాయిన్ 0.025 శాతం క్రీము, బఠాణీ గింజంత, మొదట వారానికి రెండు రాత్రులు. ముడతల మీద దీనికి ఉన్నంత ఆధారం ఎల్‌ఈడీకి లేదు. గర్భం కోసం చూస్తున్నవారు, గర్భిణులు వాడకూడదు. మంట పెట్టేంతగా వాడితే మన చర్మం నల్లబడుతుంది, అందుకే మీ చర్మం చూసిన వైద్యుల సలహాతోనే మొదలుపెట్టండి. ఈ రెండూ కుదిరాక మూడో స్థానం మాస్కుది.

మరో మాట, దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి. మంగుకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ‘తెల్లబడే ట్యూబు’ ఏదైనా నెలల తరబడి రాస్తున్నారా? వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు తేలతాయి, ఎండకు వెళ్తే మండుతుంది, ట్యూబు ఆపితే ముఖమంతా ఎర్రబడుతుంది. చర్మం వదులైందని వచ్చే కొందరిలో అసలు కారణం ఇదే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతూనే ఉన్నారు. అలాంటిది వాడుతుంటే మీకు మీరే హఠాత్తుగా ఆపకుండా వైద్యులను కలవండి, ఆ ముఖానికి ఏ మాస్కూ పెట్టవద్దు.

ఇక మాస్కు కొనేటట్టయితే చూడవలసినవి. నానోమీటర్లు రాసి ఉండాలి: 630 నుంచి 660 ఒకటి, 830 నుంచి 850 ఒకటి. చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లో రాసి ఉండాలి. లెక్క సులువే, మిల్లీవాట్లను సెకన్లతో గుణించి 1,000తో భాగిస్తే మోతాదు జౌళ్లలో వస్తుంది. 30 మిల్లీవాట్ల మాస్కు పది నిమిషాలు పెట్టుకుంటే 18 జౌళ్లు. 5 మిల్లీవాట్లదైతే అదే పది నిమిషాలకు 3 జౌళ్లే. ఎల్‌ఈడీల సంఖ్య వందల్లో ఉందని చెప్పే ప్రకటన ఈ లెక్కకు బదులు కాదు. ఆకుపచ్చ, ఊదా, లేతనీలం వంటి రంగులకు చర్మం బిగువు విషయంలో చెప్పుకోదగ్గ ఆధారం లేదు. ‘ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ) క్లియర్డ్’ అని ఉంటే, అంతకుముందే అమెరికా బజారులో ఉన్న పరికరంతో సమానమని ఒప్పుకున్నారని మాత్రమే అర్థం, గొప్ప ఫలితం వస్తుందని హామీ ఇచ్చినట్టు కాదు. అడాప్టరు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరిగా చూడండి. నియర్ ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనిపించదు కాబట్టి నిజంగా వెలుగుతోందో లేదో తెలియదు. ఫోను ముందు కెమెరా తెరిచి మాస్కు వైపు తిప్పండి. చాలా ఫోన్లలో ఆ బల్బులు లేత ఊదా చుక్కల్లా కనిపిస్తాయి.

వాడే పద్ధతి కష్టమైనది కాదు. రాత్రి ముఖం కడుక్కుని, తడి తుడుచుకుని, ఏ క్రీమూ లేకుండా పెట్టుకోండి. పసుపు, నిమ్మరసం లాంటివి రాసి ఉంటే పూర్తిగా పోవాలి. మీకు మంగు ఉంది కాబట్టి మొదటి రెండు వారాలు అయిదు నిమిషాలు చాలు, వారానికి మూడుసార్లు. నలుపు పెరగకపోతే కంపెనీ చెప్పిన సమయానికి, అంటే సాధారణంగా పది నిమిషాలకు, వెళ్లవచ్చు. ఏమాత్రం ముదురుతున్నట్టు అనిపించినా ఆపేయండి. కాంతి తర్వాత మాయిశ్చరైజర్, ట్రెటినాయిన్ వాడే రాత్రి అది. ఫలితం ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు ముందు వెతకవద్దు. ఫొటోలు ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళలో తీసుకోండి. ఫోనులో బ్యూటీ మోడ్ ఆపి తీయండి, లేకపోతే ముడతలను తగ్గించింది మాస్కో ఫోనో తెలియదు. వాడటం మానేస్తే వచ్చిన మెరుగు కూడా మెల్లగా తగ్గుతుంది.

కళ్ల జాగ్రత్త చాలామంది పట్టించుకోరు. 2019లో విదేశాల్లో బాగా అమ్ముడైన ఒక మొటిమల మాస్కును, కంటి జబ్బులున్నవారికి, వెలుగును తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవారికి హాని కలగవచ్చనే అనుమానంతో కంపెనీయే వెనక్కి తీసుకుంది. కళ్లు మూసుకున్నా రెప్పల్లోంచి వెలుగు వెళుతుంది. మాస్కుతో వచ్చే కంటి కప్పులు వాడండి. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవారు, వేరే రెటీనా జబ్బులున్నవారు, మూర్ఛ ఉన్నవారు, వెలుగు చూస్తే పార్శ్వపు నొప్పి వచ్చేవారు వైద్యులను అడగకుండా వాడకూడదు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు అసలే వద్దు. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, కీళ్లనొప్పులకు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్, గుండెకు ఇచ్చే అమియోడరోన్ వంటివి వాడుతుంటే ముందు మీ వైద్యులకు చెప్పండి. బొల్లికి సొరాలెన్ గానీ, బావంచాల నూనె గానీ వాడేవారికీ ఇదే మాట.

మీ అమ్మాయి విషయం. నీలం కాంతి మొటిమల బాక్టీరియాను చంపుతుంది, చిన్న మొటిమలు కొంత తగ్గుతాయి. కానీ పైన చెప్పినట్టు మన చర్మంలో అదే కాంతి మచ్చలను నల్లబరచవచ్చు. పదిహేడేళ్ల పిల్లకు మొటిమలకంటే అవి మిగిల్చే నల్లమచ్చలే ఎక్కువ దిగులు పెడతాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, అడాపలీన్ వంటి మందులు తక్కువ ఖర్చుతో అంతకంటే బాగా పనిచేస్తాయి. గడ్డలుగా వస్తుంటే, గుంటలు పడుతుంటే, నెలసరి సరిగా రాకపోతే ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా ఇద్దరూ ముఖానికి వాడిన ట్యూబులు, సబ్బులు, నూనెలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు గుర్తులేకపోయినా డబ్బాలు చూస్తే వైద్యులకు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.